యూదా రాజుల ఏళ్లు, ఇశ్రాయేలు రాజుల ఏళ్లు కూడితే ఎందుకు సరిపోవు?

మీ ప్రశ్న ఇదీ. సండే స్కూల్ గోడకు పెట్టడానికి రాజుల పట్టిక వేస్తున్నారు. రెహబాము నుంచి అహజ్యా దాకా యూదా రాజుల ఏళ్లు కూడితే 95 వచ్చాయి. యరొబాము నుంచి యెహోరాము దాకా ఇశ్రాయేలు రాజులవి కూడితే 98. సొలొమోను తర్వాత రాజ్యం రెండుగా చీలినప్పుడు రెండు వరుసలూ ఒకేసారి మొదలయ్యాయి. చివరి ఇద్దర్నీ తిరుగుబాటు చేసిన యెహూ చంపాడు. మరి మూడేళ్లు ఎక్కడికి పోయాయి? అక్కడి నుంచి ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను పతనం దాకా కూడితే తేడా ఇరవై దాటింది, ఇక పట్టిక పక్కన పడేశాను అన్నారు.

పడేయకండి. మీ లెక్క సరిగ్గానే ఉంది, నేనూ వేసి చూశాను: 95, 98. తర్వాతి భాగంలో యూదాకు 165, ఇశ్రాయేలుకు 143 ఏళ్ల 7 నెలలు. ఈ సంఖ్యలు కూడటానికి రాసినవి కావు, అదీ అసలు సంగతి. రెండు రాజ్యాల్లో రెండు రకాలుగా ఏళ్లు లెక్కపెట్టారు. సంవత్సరం మొదలయ్యే నెల కూడా రెండుచోట్లా ఒకటే అయినట్టు కనిపించదు. తండ్రి బతికుండగానే కొడుకు గద్దెనెక్కితే ఆ ఏళ్లు ఇద్దరి పేరునా పడ్డాయి. ఈ మూడూ సర్దుకుంటే మీ మొదటి భాగం పూర్తిగా కుదురుతుంది, రెండోది చాలావరకు కుదురుతుంది. హిజ్కియా దగ్గర ఒక ముడి మిగులుతుంది, దాని సంగతి కింద చెప్తాను.

నేను బైబిల్ కాలేజీలో పాత నిబంధన చరిత్ర చెప్తాను. రాజుల గ్రంథాలకు వచ్చేసరికి క్లాసు రెండు జట్లుగా చీలుతుంది. ఒకరు "చూశారా, అంతా తప్పుల తడక" అంటారు, ఇంకొకరు "అలా లెక్కపెట్టడమే అవిశ్వాసం" అంటారు. ఇద్దరి చేతా ముందు గళ్ల కాగితం మీద వరుసలు గీయిస్తాను. గీశాక ఆ గొడవ చాలావరకు దానంతట అదే సద్దుమణుగుతుంది.

నడుస్తున్న ఏడు, నిండిన ఏడు

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పిల్లాడికి "పదో ఏడు నడుస్తోంది" అంటారు, బడి రికార్డులో మాత్రం తొమ్మిది అని ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఇశ్రాయేలు, యూదా ఆస్థానాల మధ్య తేడా ఇంచుమించు ఇదే. ఇశ్రాయేలులో రాజు గద్దెనెక్కిన రోజు నుంచి కొత్త సంవత్సరం దాకా రెండు నెలలే మిగిలినా దాన్ని మొదటి ఏడుగా రాసుకున్నారు. యూదాలో ఆ ముక్కను పక్కనపెట్టి, కొత్త సంవత్సరం వచ్చాకే ఒకటి అన్నారు. మొదటి పద్ధతిలో పాత రాజు ఆఖరి ఏడు, కొత్త రాజు మొదటి ఏడు ఒకటే సంవత్సరం. కాబట్టి రాజు మారినప్పుడల్లా కూడికలో ఒక ఏడు దొంగగా దూరుతుంది.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు, వాక్యంలోనే ఉంది. ఇశ్రాయేలు రాజు నాదాబు యూదా రాజు ఆసా ఏలుబడి రెండో ఏట మొదలై రెండేళ్లు ఏలాడు (1 రాజులు 15:25). కానీ బయెషా అతణ్ణి చంపి రాజైంది ఆసా మూడో ఏట (15:28). రెండు నుంచి మూడుకు మన లెక్కలో ఒక్క ఏడే. బయెషా 24 ఏళ్లు ఏలాడన్నారు, ఆసా మూడో ఏట నుంచి ఇరవై ఆరో ఏట దాకా చూస్తే 23. ఏలా రెండేళ్లు అన్నారు, ఆసా ఇరవై ఆరు నుంచి ఇరవై ఏడు, మళ్లీ ఒకటే. అహాబు కొడుకు అహజ్యా కూడా అంతే: యెహోషాపాతు పదిహేడో ఏట మొదలై రెండేళ్లు, తర్వాతివాడు వచ్చింది పద్దెనిమిదో ఏట. ప్రతిసారీ సరిగ్గా ఒకటే తేడా. రాతగాళ్ల పొరపాటైతే ఇంత క్రమంగా జరగదు.

ఇప్పుడు మీ 98 తీసుకోండి. యరొబాము, నాదాబు, బయెషా, ఏలా, ఒమ్రీ, అహాబు, అహజ్యా, యెహోరాము, ఎనిమిది ఏలుబడులు. (జిమ్రీవి ఏడు రోజులే.) ఒక్కోదానికి ఒకటి తీసేయండి. 90.

ఒమ్రీ దగ్గర ఒక మెలిక ఉంది, పట్టికలో తప్పకుండా అడుగుతారు. అతడు ఆసా 31వ ఏట మొదలై 12 ఏళ్లు ఏలాడని 16:23లో ఉంది, అహాబు మాత్రం ఆసా 38వ ఏటనే రాజయ్యాడు. జిమ్రీ చచ్చిన 27వ ఏట నుంచి లెక్కపెడితే 38కి నడుస్తున్న లెక్కన సరిగ్గా పన్నెండు. మధ్యలో జనం సగం తిబ్నీ వెనక, సగం ఒమ్రీ వెనక ఉన్నారని రెండు వచనాల ముందే రాశారు. 31వ ఏడు తిబ్నీ పోయి ఒమ్రీ ఒక్కడే మిగిలిన ఏడన్నమాట. పోటీ రాజు ఉన్న ఏళ్లు కూడా ఒమ్రీ లెక్కలోనే పడ్డాయి. పట్టిక గీసేటప్పుడు తిబ్నీని వదిలేయకండి, అతను లేకపోతే ఈ అంకెలు అర్థం కావు.

యూదా 95కి వద్దాం. ఆసా ముసలితనంలో, 39వ ఏట, కాళ్ల జబ్బు వచ్చిందని 2 దినవృత్తాంతములు 16:12 చెప్తుంది. యెహోషాపాతు 25 ఏళ్లలో మొదటి మూడు తండ్రితో కలిసి ఏలినవని ఎక్కువమంది అనుకునేది ఇందుకే. 95లో 3 పోతే 92. తర్వాత వచ్చిన యెహోరాము, అహజ్యా (ఇశ్రాయేలులోనూ ఇవే పేర్లున్నాయి, వీళ్లు యూదా రాజులు) కాలంలో యూదా ఆస్థానం కూడా ఇశ్రాయేలు పద్ధతికి మారినట్టు కనిపిస్తుంది, ఇద్దరికీ ఒక్కోటి తీస్తే 90. ఎందుకు మారారంటే రాణిని చూడండి: యెహోరాము భార్య అతల్యా, అహాబు ఇంటి ఆడపడుచు. మామగారింటి ప్రభావం పద్దుపుస్తకాల దాకా పాకింది. ఇక్కడ నాకు బాగా నచ్చే ఆధారం ఒకటుంది. ఈ అహజ్యా రాజైంది ఇశ్రాయేలు యెహోరాము 12వ ఏట అని 2 రాజులు 8:25, 11వ ఏట అని 9:29. ఒక్క పేజీ తిప్పేలోపు రెండు అంకెలు. ఒకటి నడుస్తున్న లెక్క, ఇంకొకటి నిండిన లెక్క. గ్రంథకర్త ముందు రెండు మూలాలున్నాయి, రెంటినీ సరిచేయకుండా ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు. "ఇశ్రాయేలు రాజుల వృత్తాంతముల గ్రంథము", "యూదా రాజుల వృత్తాంతముల గ్రంథము" అని ఆయనే మాటిమాటికీ వేర్వేరుగా చెప్తాడు గదా.

బయటి సాక్ష్యం

ఇదంతా మనకు మనం కుదుర్చుకున్నది కాదని ఎలా తెలుసు? అష్షూరువాళ్ల వల్ల తెలుసు. షల్మనేసెరు III తన ఆరో ఏట కర్కారు దగ్గర సిరియా రాజుల కూటమితో యుద్ధం చేశాడు. ఆ కూటమిలో ఇశ్రాయేలువాడైన అహాబు 2,000 రథాలు, 10,000 మంది సైనికులతో ఉన్నట్టు అతని శిలాశాసనంలో ఉంది. అదే రాజు తన పద్దెనిమిదో ఏట యెహూ దగ్గర కప్పం తీసుకున్నాడు. నల్లరాతి స్తంభం మీద యెహూ కప్పం బొమ్మ, నేలకు వంగి దండం పెట్టే మనిషితో సహా ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆరు నుంచి పద్దెనిమిదికి పన్నెండేళ్లు. అహాబుకూ యెహూకూ మధ్య ఉన్నది అహజ్యా 2, యెహోరాము 12. కూడితే 14, ఒక్కోటి తీస్తే 12. అష్షూరు రాతగాళ్లకు రాజుల గ్రంథంతో సంబంధం లేదు, అయినా సరిగ్గా అతికింది. ఇది చూపించాక నా క్లాసులో "తడక" జట్టు కాసేపు మాట్లాడదు.

అష్షూరువాళ్లు ఏడాదికో అధికారి పేరు పెట్టి వరుసగా జాబితా రాసుకునేవారు. అందులో ఒక ఏడాది సూర్యగ్రహణం నమోదైంది. ఖగోళ లెక్కల ప్రకారం అది క్రీ.పూ. 763 జూన్ 15. ఆ మేకు దిగాక మిగతావి వాటంతట అవే కూర్చుంటాయి: కర్కారు 853, యెహూ కప్పం 841. 841కి 90 కలిపితే రాజ్యం చీలింది 931 ప్రాంతంలో. ఎడ్విన్ థీలే అనే పండితుడు 1951లో ఈ పద్ధతిని పూర్తిగా అల్లి చూపించినప్పటి నుంచి మన బైబిళ్ల వెనక పట్టికల్లో చాలావాటికి అదే ఆధారం. ఆల్‌బ్రైట్ అనే ఇంకో పండితుడు మాత్రం 922 అన్నాడు, పాత పుస్తకాల్లో ఆ తేదీ కనిపిస్తే కంగారుపడకండి.

చిన్న మాట. "యెహూ ఇద్దర్నీ చంపాడు" అన్నారు మీరు. 1993లో తేల్ దాను దగ్గర దొరికిన అరామీయ శాసనంలో ఒక అరాము రాజు (హజాయేలే అని ఎక్కువమంది అభిప్రాయం) ఆ పని తానే చేశానని చెప్పుకున్నట్టుంది. పేర్లు కొంత విరిగిపోయాయి. "దావీదు ఇల్లు" అనే మాట ఉన్నది కూడా ఆ రాతి మీదే. ఎవరు చంపారన్నది వేరే చర్చ. మన లెక్కకు కావలసింది ఇద్దరూ ఒకేసారి పోవడం, అది రెండు కథనాల్లోనూ ఉంది.

సంవత్సరం ఏ నెలలో మొదలు?

నీసాను అంటే దాదాపు మన చైత్రం, తిష్రీ అంటే దాదాపు ఆశ్వయుజం. రాజుల ఏళ్లకు కొత్త సంవత్సరం నీసాను 1 అని తర్వాతి కాలపు యూదుల మిష్నా చెప్తుంది. కానీ యోషీయా 18వ ఏడు చూడండి. ఆ ఏట మందిరం మరమ్మతుకు మనుషుల్ని పంపాడు, ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది, చదివారు, ప్రవక్త్రి హుల్దాను అడిగారు, పెద్దల్ని సమకూర్చారు, యెరూషలేము నుంచి బేతేలు దాకా బలిపీఠాలు పడగొట్టారు, ఆ తర్వాత అదే 18వ ఏట పస్కా చేశారు (2 రాజులు 22, 23). పస్కా నీసాను 14న. ఏడు నీసాను 1న మొదలైతే ఇదంతా రెండు వారాల్లో ముగియాలి. ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. అందుకే యూదా లెక్క తిష్రీ నుంచి అనీ, ఇశ్రాయేలు లెక్క నీసాను నుంచి అనీ థీలే పెట్టాడు. అందరూ ఒప్పుకోలేదు. పట్టికలో మీరు దీన్ని గీయక్కర్లేదు, ఒక ఏడు అటూ ఇటూ అయినచోట ఇదొక కారణమని గుర్తుంటే చాలు.

రెండో భాగం: 165, 143, అసలుకి 120

841 నుంచి షోమ్రోను పడిన 722 దాకా సుమారు 120 ఏళ్లు. అంటే రెండు వరుసలూ ఎక్కువే చెప్తున్నాయి. నడుస్తున్న లెక్క ఒక్కటే ఇంత తేడా తేలేదు. ఇక్కడ పనిచేసేది జంట ఏలుబడి.

కళ్లెదుట కనిపించేది ఉజ్జియా (రాజుల గ్రంథంలో ఎక్కువగా అజర్యా). కుష్ఠు వచ్చి వేరే ఇంట్లో ఉన్నాడు, కొడుకు యోతాము నగరు మీద అధికారిగా ఉండి జనానికి తీర్పు తీర్చాడు (2 రాజులు 15:5). ఆ ఏళ్లు తండ్రి 52లోనూ ఉన్నాయి, కొడుకు 16లోనూ ఉన్నాయి. రెండోది లెక్కలో పట్టుబడేది. అమజ్యా ఇశ్రాయేలు రాజు యెహోయాషు పోయాక పదిహేనేళ్లు బతికాడు (14:17). అంటే యెహోయాషు కొడుకు రెండో యరొబాము 15వ ఏట ప్రాంతంలో చనిపోయి, అజర్యా రాజు కావాలి. కానీ అజర్యా మొదలైంది యరొబాము 27వ ఏట అంటుంది 15:1. ఆ పన్నెండేళ్లూ యరొబాము తన తండ్రితో కలిసి ఏలినవైతేనే రెండు మాటలూ నిలబడతాయి. అజర్యా కూడా తండ్రి ఉండగానే, అమజ్యా యుద్ధంలో ఓడి పట్టుబడిన కాలంలో రాజై ఉంటాడని అంటారు. దాంతో ఒక్కచోటే ఇరవై నాలుగేళ్ల దాకా కలిసిపోతాయి.

ఇశ్రాయేలు వైపు పెద్ద చిక్కు పెకహు. 20 ఏళ్లు ఏలాడని ఉంది. కానీ అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరు III (బైబిల్లో పూలు అన్నది ఇతన్నే) 738 ప్రాంతంలో మెనహేము దగ్గర కప్పం తీసుకున్నాడు, 732 ప్రాంతంలో పెకహు పోయి హోషేయ వచ్చాడని కూడా అతని శాసనాల్లో ఉంది. మధ్యలో పెకహ్యాకు రెండేళ్లు పోగా ఇరవై ఎక్కడ పడతాయి? పెకహు తిరుగుబాటులో గిలాదువాళ్లు యాభైమంది వెంట ఉన్నారు (15:25). యొర్దాను అవతల గిలాదులో ముందే పోటీ అధికారం నడిపి, ఒమ్రీలాగే ఆ ఏళ్లు కలుపుకున్నాడన్నది థీలే జవాబు. సాధ్యమే, కానీ నేరుగా చెప్పే ఆధారం లేదు. యరొబాము దగ్గర పదకొండు పన్నెండు, పెకహు దగ్గర పన్నెండు తీస్తే 143 కాస్తా 120 దగ్గరికి దిగుతుంది.

మెనహేము కప్పం గురించి పిల్లలకు ఒక లెక్క ఇవ్వొచ్చు. వెయ్యి తలాంతుల వెండి, భాగ్యవంతుల దగ్గర తలకు 50 షెకెళ్లు వసూలు చేశాడు (15:19, 20). తలాంతుకు 3,000 షెకెళ్లు. ఎంతమంది కట్టారు? అరవై వేల మంది. ఆ రాజ్యంలో కలిగినవాళ్లు ఎంతమందో ఇంత సూటిగా అందే అంకె ఇంకోటి దొరకడం కష్టం.

ఇక జాగ్రత్తలు

జంట ఏలుబడి అనే తాళంచెవితో ప్రతి తాళం తీయాలనిపిస్తుంది. అదే ప్రమాదం. యోతాముకు వాక్యమే ఉంది, రెండో యరొబాముకు లెక్క బలంగా చెప్తోంది. మిగతాచోట్ల "అంకెలు కుదరడానికి" పెట్టినవి ఎక్కువ. పట్టికలో వాక్యం చెప్పినదాన్ని నిండు గీతతో, మనం ఊహించినదాన్ని చుక్కల గీతతో వేయండి.

హిజ్కియా ముడి ఇదీ. షోమ్రోను పడింది అతని ఆరో ఏట అని 18:10. అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తింది పద్నాలుగో ఏట అని 18:13. ఈ దండయాత్ర 701లోనని అష్షూరు రికార్డులు గట్టిగా చెప్తాయి: ప్రాకారాలున్న 46 పట్టణాలు పట్టుకున్నాననీ, హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించాననీ రాసుకున్నాడు. 701 పద్నాలుగో ఏడైతే ఆరో ఏడు 709 ప్రాంతం, 722 కాదు. కొందరు ఆహాజుతో జంట ఏలుబడి నుంచి ఒక లెక్క, ఒంటరి ఏలుబడి నుంచి ఇంకో లెక్క అంటారు. థీలే అయితే ఆ పోలిక తేదీలు తర్వాత ఎవరో తప్పుగా కూర్చినవని తేల్చేశాడు. నాకు మొదటిది కాస్త నయమనిపిస్తుంది, కానీ దాని మీద పందెం కాయను. దానికి తోడు, ఆహాజు 20 ఏట రాజై 16 ఏళ్లు ఏలి పోయేసరికి హిజ్కియాకు 25 అంటే తండ్రికి పదకొండేళ్లప్పుడు కొడుకు పుట్టాలి. ఈ ప్రాంతంలో అంకెలేవో కదిలాయి.

రాతలో పొరపాట్లు కూడా ఉన్నాయి, దాచక్కర్లేదు. యూదా అహజ్యా రాజయ్యేసరికి 22 ఏళ్లవాడని 2 రాజులు 8:26. హెబ్రీ ప్రతుల్లో 2 దినవృత్తాంతములు 22:2లో 42. అతని తండ్రి చనిపోయింది 40 ఏట. కొడుకు తండ్రికంటే రెండేళ్లు పెద్దవాడు కాలేడు గదా, 22 సరైనది. యెహోయాకీను వయసు ఒకచోట 18, ఇంకోచోట 8. చేత్తో నకలు చేసిన ప్రతుల్లో ఇవి సహజం. గ్రీకు అనువాదంలో అయితే ఒమ్రీ, యెహోషాపాతుల తేదీలు వేరే వరుసలోనే ఉంటాయి.

దావీదు 40, సొలొమోను 40 ఏళ్లను అంకెలాగే తీసుకుని 931కి కలిపి "క్రీ.పూ. 1010 మే నెల" లాంటివి రాయకండి. దావీదుకు హెబ్రోనులో ఏడు, యెరూషలేములో ముప్పైమూడు అని విడమరిచారు గనక అది కొంత గట్టిది. సొలొమోను నలభై గుండ్రటి అంకె అయి ఉండొచ్చు. సౌలు ఏళ్లు హెబ్రీలో (1 సమూయేలు 13:1) ఊడిపోయాయి. నలభైని అలా వాడటం ఆ చుట్టుపక్కల అలవాటే. మోయాబు రాజు మేషా తన శాసనంలో ఒమ్రీ, అతని కొడుకు రోజుల్లో సగం కలిపి నలభై ఏళ్లు అంటాడు, రాజుల గ్రంథం ప్రకారం కూడితే ఇరవైమూడే. రెహబాము ఐదో ఏట వచ్చిన షీషకును మేకుగా వాడటంలోనూ చిక్కుంది: ఐగుప్తు రాజు షోషెంకు (షీషకు ఇతడేనని ఎక్కువమంది అంటారు) తేదీని చాలామంది ఈ వచనాన్ని పట్టుకునే సర్దారు. దానితో మళ్లీ దీన్నే రుజువు చేస్తే గుండ్రంగా తిరిగినట్టు.

కాబట్టి పట్టిక ఇలా గీయండి. గళ్ల కాగితం అడ్డంగా పెట్టి, ఒక గడి ఒక ఏడు. పైన యూదా, కింద ఇశ్రాయేలు. ముందు తేదీ గట్టిగా తెలిసిన మేకులు దిగ్గొట్టండి: 853 కర్కారు, 841 యెహూ, 738 మెనహేము, 732 హోషేయ, 722 షోమ్రోను (కొందరు 720 అంటారు), 701 సన్హెరీబు, 597 యెహోయాకీను లొంగిపోవడం, 587 లేదా 586 యెరూషలేము నాశనం. వీటిలో 597 నెలతో సహా తెలుసు, బబులోను వృత్తాంత పలకలో అదారు నెల రెండో రోజని ఉంది, మన లెక్కలో మార్చి 16. తర్వాత "ఫలానా రాజు ఫలానా ఏట" అనే వచనాలతో రాజుల్ని ఈ మేకుల మధ్య కూర్చోబెట్టండి, మొత్తం ఏళ్లను చివర సరిచూడ్డానికే వాడండి. 853కి ముందున్న తేదీలన్నింటి పక్కనా "సుమారు" అని రాయండి. జిమ్రీకి గడి చాలదు, సన్నగీత వేసి "7 రోజులు" అని రాయండి, పిల్లలు మొదట అడిగేది అతన్ని గురించే.

అమజ్యా, ఉజ్జియా దగ్గరికొచ్చేసరికి గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కి చిందరవందరగా కనిపిస్తాయి. అక్కడ ఆగిపోతే ఆ ముక్క ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.